మురికి వైపు

పై అంతస్తులనుంచి దిగే గొట్టంలోంచి జారిన ఆకుపచ్చ మూట సిమెంటు గట్టు మీద ధబ్బున పడింది. ఆమె వెంటనే దాని మీద చెయ్యి వెయ్యలేదు. గోడ మేకుకి వేలాడుతున్న ఇనప పట్టకారు తీసుకుని, దాని వీపుతో మూటని ఇటోసారి అటోసారి తట్టి, తల వంచి చెవి పెట్టింది. గుడ్డల్లో ఇనుము దాక్కుంటే ఒక్కోసారి వినిపిస్తుంది, ఒక్కోసారి వినిపించదు. అందుకని తన చెవిని కూడా ఆమె పూర్తిగా నమ్మదు. ముడిని పట్టకారుతోనే లాగింది. కొసలన్నీ విడిపోయాక, లోపల ముద్దగా ఉన్న దుప్పట్లని ఒక్కొక్కటే కొస పట్టి ఎత్తి రేకు పళ్లెం మీద దులిపింది. పెద్ద దుప్పటిలోంచి సూది రాలింది. కుట్లు వేసే వంకర సూది. దారం ముక్క ఇంకా దాన్ని పట్టుకు వేలాడుతూనే ఉంది.

"రావే తల్లీ," అంది దానితో. "నీకోసమే చూస్తున్నా."

పట్టకారుతో దాన్ని ఎత్తి, గూట్లో ఉన్న పాలపొడి డబ్బా మూతకి కొట్టిన చిల్లులోంచి లోపలికి వదిలింది. టింగుమంది. ఆ చప్పుడు వింటే ఆమెకి ఇన్నేళ్లయినా సంతోషమే. ఒక శత్రువుని పట్టి లోపల వేసినట్టు ఉంటుంది.

ఆసుపత్రి అంటే డాక్టర్లూ నర్సులూ తెల్లకోట్లూ అని లోకం అనుకుంటుంది. అనుకోనీ. ఆ తెల్లకోట్లు రోజూ తెల్లగా ఎలా ఉంటున్నాయో అడిగే నాథుడు మాత్రం లేడు. అంబులెన్సు షెడ్డు పక్కనుంచి మెట్లు దిగితే భవనం అడుగున ఒక పొడుగాటి హాలు వస్తుంది. దాన్ని ఒక గోడ రెండు చేసింది. ఇటు మురికి వైపు, అటు శుభ్రం వైపు. ఉతికే యంత్రాలు ఆ గోడలోనే ఇరికించి ఉంటాయి. రెండు వైపులా తలుపులున్న యంత్రాలు. ఇటునుంచి రక్తం, చీము, వాంతి, మందుల మరకలు లోపలికి వెళ్తాయి. అటునుంచి దుప్పట్లు ఏ పాపమూ ఎరగనట్టు వేడివేడిగా బయటికొస్తాయి. ఇటు నేల ఎప్పుడూ తడి. కాలవలో సబ్బు నురగ గులాబీరంగులో పోతుంటుంది. అటు నేల పొడి, ఇస్త్రీ వాసన, కిటికీలోంచి కాస్త ఎండ కూడా. పని మొదలుపెట్టిన నాటినుంచీ ఆమె ఇటే ఉంది.

ఆసుపత్రిలో ఆమెని అందరూ పట్టకారు అనే పిలుస్తారు. ఆ పట్టకారు ఆసుపత్రి ఇచ్చింది కాదు. ఆమె వంటింట్లోది, పొయ్యి మీంచి వేడి గిన్నెలు దించేది, అత్తగారి చేతిలో నల్లబడినది. పిడులకి గుడ్డపీలిక చుట్టి తెచ్చుకుంది. కీలు వదులైపోయింది. గట్టిగా నొక్కితే దేన్నైనా పట్టుకుంటుంది కానీ, వదిలేస్తే నోరు తెరుచుకునే ఉంటుంది. "ఇది కూడా నీలాంటిదే. నోరు మూతపడదు," అని బాయిలరు దగ్గర పనిచేసే పెద్దాయన ఏడిపిస్తాడు. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఆమె ఒకప్పుడు నోట్లో నాలుక లేని మనిషి అంటే ఎవరూ నమ్మరు. ఆయనకి తెలుసు, చూశాడు కాబట్టి.

గోడ మధ్య కిటికీ తలుపు కిర్రుమంది. చెల్లెలి ముఖం కనిపించింది, గుండ్రంగా, చెమటతో మెరుస్తూ.

"అక్కా, దిండు గలీబులు తక్కువొచ్చాయి. నువ్వేమైనా దాచావా?"

"ఆ, దాచా. పోయేప్పుడు తల కింద పెట్టుకుందామని."

"ఛీ, ఏం మాటలవి! పొద్దున్నే." చెల్లెలు కిటికీ మూసేసింది. కాసేపటికి మళ్లీ తెరిచి, "దొరికాయిలే. ఇస్త్రీ బల్ల కింద పడ్డాయి," అని చెప్పి మళ్లీ మూసింది.

చెల్లెలు బతుకంతా కుట్టుమిషను ముందే గడిపింది. మొగుడు పోయాక చూపు కూడా మందగించింది. దారం ఎక్కించడం కష్టమైపోతే అక్క చెప్పి పనిలో పెట్టించింది. చేతిలో సూదితోనే ఇద్దరు పిల్లల్ని పెంచిన ఆ మనిషికి డాక్టరు చేతిలో సూది చూస్తే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి. చిన్నప్పుడు బడిలో టీకాలు వెయ్యడానికి వస్తే కిటికీ దూకి పారిపోయింది. అక్క వెళ్లి మందారపొదల వెనకనుంచి చెవి పట్టుకుని తీసుకొచ్చేసరికి టీకాల వాళ్లు వెళ్లిపోయారు. ఆ చెవి పట్టుకున్న సంగతి ఇప్పటికీ దెప్పుతుంది.

చెల్లెలు చేరిన మొదటి రోజునే అక్క ఒక నియమం పెట్టింది. కామెర్ల టీకా పడేదాకా గోడ దాటి ఇటు అడుగు పెట్టకూడదు. ఇద్దరి మురికి పనీ తనే చేస్తానంది. చేస్తోంది కూడా. సూపర్‌వైజరుకి ఎవరు చేస్తేనేం, మూటలు తరిగితే చాలు. పైగా ఆయనకి ఒకటే మాట వచ్చు. టీకా గురించి అడిగితే "చూద్దాం." మందపాటి చేతొడుగులు అడిగితే "చూద్దాం." లాండ్రీలో ఆయన పేరే చూద్దాంగారు.

కానీ ఈ ఏర్పాటు ఇవాళ్టితో సరి. ఆమెకి ఇంక నిలబడే ఓపిక లేదు. ఏప్రాను కింద పొట్ట నీరుపట్టి ఉబ్బింది, చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. కళ్లలో తెల్లగుడ్డు పాత కాగితంలా పచ్చబడింది. రేపటినుంచి రానని తనే చెప్పింది. సూపర్‌వైజరు తలూపి, "అయితే రేపటినుంచి మీ చెల్లెలు ఇటు దిగాలి," అన్నాడు. అందులో తప్పేమీ లేదు, ఎవరో ఒకరు దిగాలి. ఆమె మూడు రాత్రులు నిద్రపోలేదు.

ఆమెకి తగిలినప్పుడు ఇంత హడావిడేమీ జరగలేదు. ఆ రోజు కూడా ఆకుపచ్చ మూటే. అప్పట్లో పట్టకారు లేదు, అందరిలాగే రెండు చేతులా వాటేసుకుని మూట ఎత్తేది. అరచేతి మధ్య చీమ కుట్టినట్టయింది. చూస్తే ఇంజెక్షను సూది, గొట్టంలో రక్తం ఇంకా తడిగానే ఉంది. పీకి పారేసింది. కుళాయి కింద సబ్బుతో కడుక్కుంది. ఎవరికి చెప్పాలో తెలియలేదు, చెప్పాలని కూడా తెలియలేదు. కొన్నాళ్లకి కళ్లు పచ్చబడ్డాయి, అన్నం చూస్తే వాంతి వచ్చింది. అందరూ కామెర్లన్నారు. తగ్గాయి. మళ్లీ మూటలు ఎత్తింది. తగ్గింది కళ్లలోనే కానీ లోపల కాదని తెలిసేసరికి కొడుక్కి పెళ్లీడొచ్చింది, కాలేయం రాయిలా గట్టిపడిపోయింది.

పరీక్షలన్నీ చూసిన డాక్టరు మంచివాడే. ఓపిగ్గా చెప్పాడు. ఇది హెపటైటిస్ బి అన్నాడు, రక్తంలోంచి రక్తంలోకి వస్తుందన్నాడు, పెద్దవాళ్లలో చాలామందికి దానంతటదే పోతుందనీ, ఏ కొద్దిమందికో ఒంట్లో ఉండిపోతుందనీ అన్నాడు. ఒక్క ఇంట్లో ఉంటున్నవాళ్లందరికీ పరీక్ష చేయించి టీకాలు వేయించాడు. చివర్లో, మందులు రాస్తూ, మామూలుగా అన్నాడు: "ముందే టీకా వేయించుకుని ఉంటే అసలు వచ్చేదే కాదమ్మా. ఆసుపత్రి సిబ్బందికి వేస్తారు కదా?"

"వేస్తారా?" అంది ఆమె. తర్వాత, "మరి మేమెవరం సార్?" అంది.

డాక్టరు తల ఎత్తి చూశాడు.

ఆమె కడుపు మండింది. రోగం వచ్చినందుకు కాదు. రోగాలు మనుషులకే వస్తాయి. ఆపే మందు ఒకటి ఉండి, అది పై అంతస్తులోనే ఉండి, తను ఉతికిన దుప్పటి పరిచిన బల్ల మీద పెట్టి మరీ అందరికీ వేసి, తన దాకా రాకపోయినందుకు మండింది. నోట్లో నాలుక వచ్చింది ఆ రోజే. మర్నాడు వంటింట్లోంచి పట్టకారు తెచ్చి మేకుకి తగిలించింది.

టీ వేళకి బాబాయి మెట్లు దిగి వచ్చాడు, ఒక చేత్తో టీ కెటిలు, ఇంకో చేత్తో గ్లాసులు. ఆమె గ్లాసు వేరు. కాంటీనులో ఎవరో దాని అంచుకి ఎర్ర దారం కట్టారు, కలిసిపోకూడదని. ఎంగిలితో అంటుకోదని డాక్టరు చెప్పినా ఆ దారం ఊడలేదు. బాబాయి మాత్రం ముందు ఆ గ్లాసులోనే టీ పోసుకుని, అందరూ చూస్తుండగా చప్పరించుకుంటూ తాగి, కడిగి, మళ్లీ పోసి ఆమెకి ఇస్తాడు. ఎందుకలా అని ఒకసారి అడిగితే, "పెద్ద గ్లాసు కదా, ఎక్కువ పడుతుంది," అన్నాడు.

ఇవాళ తాగకుండా గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. "పైన వేస్తున్నారు. మూడో అంతస్తులో, నర్సుల గదిలో. కామెర్ల టీకాయే."

"తెలుసు. వారం నుంచీ చూద్దాంగారి ప్రాణం తీస్తున్నా."

"ఏమన్నాడు?"

"పొద్దున మాట మార్చాడు. మనకి కాదట. వార్డుల వాళ్లకేనట."

బాబాయి అప్పుడు టీ చప్పరించి, గ్లాసు కడిగి మళ్లీ పోశాడు. "ఏం చేస్తావు మరి?"

ఆమె గ్లాసు తీసుకుని నెమ్మదిగా తాగింది. టీ రుచి తెలిసి చాలా రోజులైంది, వేడి మాత్రమే తెలుస్తోంది. గోడ అవతల చెల్లెలు ఎవరితోనో పరాచికాలాడుతూ పకపకా నవ్వుతోంది. రేపు ఈ వేళకి ఆ చేతులు ఈ గట్టు మీద ఉంటాయి.

"ప్రసూతి వార్డు దుప్పట్లు వేరుగా కట్టించు బాబాయ్. అవి నువ్వు తీసుకుపో. పుట్టేవాళ్లని ఆపకూడదు. ఆపరేషను థియేటరు బట్టలు మాత్రం నాకు వదిలెయ్యి."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. కెటిలు తీసుకుని మెట్లెక్కాడు.

ఏప్రాను విప్పి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, చాలా కాలం తర్వాత ఆమె శుభ్రం వైపు వెళ్లింది. ఉతికి, ఆరి, ఆవిరి పట్టి, కట్టలు కట్టిన ఆకుపచ్చ దుప్పట్లు, గౌన్లు చక్రాల బండి నిండా ఉన్నాయి. ఆ రోజు ఆపరేషన్లన్నిటికీ అవే. మిగతావన్నీ ఇంకా యంత్రాల్లో తిరుగుతున్నాయి.

"పద, తొయ్యి," అంది చెల్లెలితో.

"నేనా? థియేటరుకి ఎప్పుడూ బండి కుర్రాడు కదా తీసుకెళ్లేది?"

"ఇవాళ మనం. నాకు పైన ఒకసారి చూడాలనుంది."

చెల్లెలి కళ్లు తడయ్యాయి. ఆఖరి రోజు కదా, అక్కకి అన్నీ ఒకసారి చూసుకోవాలనిపించిందనుకుంది. బండిని భక్తిగా తోసింది. లిఫ్టులో పక్కన నిలబడి అక్క వీపు నిమిరింది కూడా. అబద్ధం చెప్పలేదు కదా అని ఆమె మనసులో సర్దిచెప్పుకుంది. పైన చూడాలని నిజంగానే ఉంది.

మూడో అంతస్తులో లిఫ్టు దిగితే కుడివైపు థియేటరు, ఎడమవైపు నర్సుల గది. ఆమె బండి ముందుభాగం పట్టుకుని ఎడమకి తిప్పింది. గది గుమ్మానికి అడ్డంగా ఆపి, చక్రానికున్న కొక్కేన్ని కాలితో నొక్కి, కట్టల మీద ఎక్కి కూర్చుంది. ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. కూర్చున్నాక బాగానే ఉంది. మెత్తగా ఉంది.

లోపల తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద మందు పెట్టిన చల్లటి పెట్టె, దూదిపింజలు, వరసగా కుర్చీలు. కుర్చీల్లో ఎక్కువభాగం ఖాళీ. టీకా వేసే నర్సు వయసులో చిన్నది, గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. బండిని చూసి లేచింది.

"ఏంటమ్మా, ఇక్కడ పెట్టావు? థియేటరు అటు."

"తెలుసమ్మా. ఆ దారి కళ్లు మూసుకునైనా వెళ్తా. మా వాళ్లకి టీకా వేసెయ్యి, బండి దానంతటదే కదుల్తుంది."

"మీరు లాండ్రీ కదా? వార్డుల్లో పనిచేసే వాళ్లకే వెయ్యమన్నారమ్మా."

"మేం వార్డుకి వెళ్లం, అంతే కదా తేడా? వార్డే మూటకట్టుకుని మా దగ్గరికి వస్తోంది రోజూ."

నర్సు నవ్వబోయి ఆగిపోయింది. ఫోను అందుకుంది. ఈలోగా చెల్లెలికి విషయం అర్థమైంది. బల్ల మీది దూదిపింజల్ని, పెట్టెలోని సూదిమందుల్ని చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

ముందు థియేటరు వాళ్లు వచ్చి బండి అడిగారు. తర్వాత సూపర్‌వైజరు మెట్లన్నీ ఎక్కి రొప్పుతూ వచ్చాడు. లిఫ్టు ఉందన్న సంగతి కంగారులో మర్చిపోయినట్టున్నాడు.

"ఏమిటిది? కళ్లు నెత్తికెక్కాయా? దిగు ముందు!"

"చూద్దాం," అంది ఆమె.

నడవలో ఎవరో కిసుక్కున నవ్వారు. సూపర్‌వైజరు ముఖం జేవురించింది. ఆయన వెనకనే పెద్ద డాక్టరు వచ్చాడు. ఆసుపత్రి మొత్తానికి పైన ఉండే మనిషి, నెరిసిన మీసం, అలిసిపోయిన కళ్లు. ఆయన అరవలేదు. బండి మీద ఉన్న మనిషి పొట్టనీ, పాదాలనీ, కళ్లనీ ఒక్క చూపులో చూశాడు. ఆయనకి అంతా తెలిసిపోయింది.

"నీకు టీకా వేసినా ఉపయోగం లేదమ్మా. ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు సార్. నాక్కాదు. నన్ను పొడవాల్సింది ఎప్పుడో పొడిచేసింది. కింద ఇంకా మనుషులున్నారు, వాళ్లకి."

"అలా అప్పటికప్పుడు కుదరదు. పైవాళ్లతో మాట్లాడాలి, అనుమతి రావాలి..."

"మాట్లాడండి సార్. నేను కూర్చునే ఉంటా."

"అక్కడ బల్ల మీద పేషెంటు ఉన్నాడు. నీ మూలంగా ఆపరేషను ఆగింది."

ఆమె గబుక్కున ముందుకి వంగింది. "ప్రాణం మీదికొచ్చిందా సార్? అలాగైతే ఈ క్షణమే తీసుకుపోండి. నేనే తోస్తా."

ఆయన అవునని చెప్పి ఉంటే అంతటితో అయిపోయేది. ఆమె దిగిపోయేది, మర్నాడు చెల్లెలు మురికి వైపు దిగేది.

"లేదు," అన్నాడు. "కొవ్వుగడ్డ తియ్యాలి. ఇంకా మత్తు ఇవ్వలేదు."

"అయితే కాస్త ఆలస్యమవనివ్వండి. నాకూ ఆలస్యమే అయింది సార్. నేనేమైనా గొడవ చేశానా?"

అప్పుడే చెల్లెలు కొంప ముంచింది. గోడకి అతుక్కుపోయి, ఏడుపుగొంతుతో, అందరికీ వినిపించేట్టు అంది: "అక్కా, నాకొద్దే. నిజంగా నాకొద్దు. నాకు సూదంటే భయమని నీకు తెలుసుగా."

సూపర్‌వైజరు ముఖం వెలిగిపోయింది. "విన్నారా సార్? వేయించుకోవాల్సిన మనిషే వద్దంటోంది!"

ఆమెకి చెల్లెలి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ వెంటనే మందారపొదల వెనక ముడుచుకు కూర్చున్న పిల్ల గుర్తొచ్చి అంత జాలీ వేసింది. ఆనాడు ఇంకొంచెం గట్టిగా చెవి పట్టుకుని ఇంకొంచెం త్వరగా లాక్కొచ్చి ఉండాల్సింది.

"ఇలా రా," అంది.

చెల్లెలు వచ్చింది. ఆమె అరచెయ్యి చాపింది. సబ్బునీళ్లకి గీతలన్నీ అరిగిపోయిన చెయ్యి. మధ్యలో ఏమీ లేదు.

"ఎక్కడ గుచ్చుకుందో కనపడుతోందా?"

"లేదు."

"నాకూ కనపడదు. అంత చిన్నది. అది నీకిష్టమేనా, భయమా అని నన్ను అడగలేదే. అడిగి పొడిచే సూది ఇదొక్కటే." అరచెయ్యి వెనక్కి తీసుకోలేదు. "పనిలోకి నా వెనకాల వచ్చావు, చాలు. పోవడానికి కూడా నా వెనకాలే వస్తానంటే నేనూరుకోను. నువ్వు నా తర్వాత చాలా ఏళ్లు ఉండాలి. ఉండి, నన్ను తిట్టుకోవాలి."

చెల్లెలు అక్క చేతిని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. తర్వాత బండికీ గుమ్మానికీ మధ్య సందులోంచి, తన ఒళ్లు పట్టదని తెలిసీ, ఎలాగో దూరి లోపలికి వెళ్లింది. మొదటి కుర్చీలో కూర్చుని కళ్లు గట్టిగా మూసుకుని, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది. వణుకుతోంది. లేవలేదు.

నర్సు పెద్ద డాక్టరు వైపు చూసింది. "సార్, రమ్మన్నవాళ్లలో సగంమంది రాలేదు. రేపూ రారు. మందుంది."

ఆయన ఖాళీ కుర్చీల వైపు చూశాడు, ఆకుపచ్చ కట్టల మీద కూర్చున్న మనిషిని చూశాడు, గడియారం చూసుకున్నాడు. ఆయన మనసులో వీటిలో ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

"వెయ్యి," అన్నాడు. "అనుమతి సంగతి నేను చూసుకుంటా."

"అందరికీ సార్. మెట్ల కింద ఉన్నవాళ్లందరికీ," అంది బండి మీంచి.

"సరేనమ్మా, అందరికీ. ఇక దిగుతావా?"

"అందరూ అయ్యాక."

"మొదలుపెట్టారా?" అని లోపలినుంచి చెల్లెలు కళ్లు తెరవకుండానే అడిగింది.

"అయిపోయింది," అంది నర్సు.

"అబద్ధం!"

ఈసారి నడవంతా నవ్వింది. సూపర్‌వైజరు ఒక్కడే నవ్వలేదు. ఇస్త్రీ వాళ్లు, యంత్రాల వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు, కొందరు తడిచేతుల్తోనే. బాబాయి ఆఖర్న వచ్చి, ఈ వయసులో నాకెందుకంటూనే చొక్కా విప్పాడు. కుర్చీలోంచి లేచి, బయటికి వచ్చి, ఆమెకి చెయ్యి అందించాడు. ఆమె దిగింది, కొక్కెం ఎత్తింది. థియేటరు వాళ్లు బండిని పరుగున తోసుకుపోయారు.

వెళ్లబోతుంటే నర్సు చెప్పింది. ఇది మొదటిదేనట. నెల తర్వాత ఒకటి, ఆర్నెల్లకి ఒకటి, మూడూ పడితేనే పూర్తి రక్ష. అప్పటిదాకా చేతులు జాగ్రత్త.

"అయితే అప్పటిదాకా మందపాటి చేతొడుగులు కావాలి సార్," అంది ఆమె.

పెద్ద డాక్టరు సూపర్‌వైజరు వైపు తిరిగాడు. "చూద్దాం సార్," అన్నాడాయన అలవాటు కొద్దీ.

"చూడటం కాదు, తెప్పించు."

మెట్ల దగ్గర సూపర్‌వైజరు ఆమెని ఆపాడు. "రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు!"

"రేపట్నుంచి ఎలాగూ రానని నేనే చెప్పా కదయ్యా. ఇంకేదైనా చెప్పు."

ఆమె మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నం మామూలుగానే గడిచింది. మూటలు పడ్డాయి, ఆమె తట్టింది, విప్పింది, దులిపింది. ఒంట్లో సత్తువ లేకపోయినా మనసు గాల్లో తేలుతున్నట్టు ఉంది. తను గెలిచింది. ఈ మాట పైకి అనడానికి సిగ్గేసి, గట్టు కడుగుతూ గోడకి చెప్పుకుంది. ఆఖరి మూట యంత్రంలో పడ్డాక పట్టకారుని సబ్బుతో తోమి, తుడిచి, మేకుకి తగిలించి, ఏప్రాను మడిచి గట్టు మీద పెట్టింది.

"అక్కా, పట్టకారు మర్చిపోయావు," అంది కిటికీలోంచి చెల్లెలు.

"మర్చిపోలేదు," అంది ఆమె.

ఆ తర్వాత ఆమె ఆ మెట్లు దిగలేదు. కొడుకు ఇంట్లో, వీధివైపు కిటికీ పక్కన మంచం వేశారు. చెల్లెలు పని అవగానే రోజూ వచ్చి మంచం అంచున కూర్చునేది. "ఇవాళ డబ్బాలో ఏమైనా పడ్డాయా?" అని అక్క అడిగేది. పడ్డాయంటే ఆమె ముఖం విచ్చుకునేది. చేతొడుగులు ఏనుగు తొడుక్కోవాల్సినంత ఉన్నాయని చెల్లెలు ఫిర్యాదు చేసేది. అయినా వేసుకో అనేది అక్క.

ఒక సాయంత్రం చెల్లెలు వచ్చి, జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. దూదిపింజ అంటించిన పట్టీ, రెండో టీకాది.

"పిలిచారా?"

"పిలుస్తారా? నేనే వెళ్లా. మనవాళ్లందర్నీ తీసుకుని."

"ఏడ్చావా?"

"కొంచెం," అంది చెల్లెలు. అక్క నవ్వింది. పొట్ట నొప్పి పుట్టేట్టు నవ్వి, చెల్లెలి చెవి పట్టుకుని మెత్తగా నులిమింది.

వానలకి ముందు, ఒక మధ్యాహ్నం, కోడలు పాలగ్లాసు తీసుకుని గదిలోకి వచ్చేసరికి ఆమె పోయింది. కప్పుకున్న దుప్పటి కొస ఒకటి రెండువేళ్ల మధ్య పట్టుకుని ఉంది, దులపబోతున్నట్టు. చెల్లెలు వచ్చి చూసి, ఆ కొసని వేళ్లలోంచి తియ్యనివ్వలేదు. ఆ దుప్పటితోనే పంపించారు. పోయిన మనిషి మీద చెల్లెలికి దుఃఖంతో పాటు కోపం కూడా వచ్చింది. మూడోది పడేదాకా ఆగొచ్చు కదా అని మంచం పక్కన కూర్చుని తిట్టింది. అక్క అడిగింది అదే కదా.

మూడోదాని వేళకి మూడో అంతస్తులో కొత్త నర్సు ఉంది. గుమ్మానికి అడ్డంగా చక్రాల బండి ఆగడం చూసి తల ఎత్తింది. వెనకాల తడిచేతుల మనుషులు కొందరు, ఒక ముసలాయన.

"ఏమ్మా, ఇక్కడాపారు? థియేటరు అటు."

"తెలుసు," అంది చెల్లెలు. కొక్కేన్ని కాలితో నొక్కింది. "మేం లాండ్రీ. ఇది మాకు మూడోది. వేసెయ్యండి, థియేటరు వాళ్లు చూస్తుంటారు."

ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆమె మొదటి కుర్చీలో కూర్చుని జాకెట్టు చెయ్యి తనే పైకి లాక్కుంది. ఈసారి కళ్లు మూసుకోలేదు. సూది చర్మంలోకి దిగడం, బయటికి రావడం రెప్పవెయ్యకుండా చూసింది. ఏడుపొచ్చింది కానీ సూది వల్ల కాదు.

కిందికి దిగేసరికి గట్టు మీద ఆకుపచ్చ మూట పడి ఉంది. ఏనుగు చేతొడుగులు తొడుక్కుని, పట్టకారుతో ఇటోసారి అటోసారి తట్టింది, చెవి పెట్టింది, ముడి లాగింది. దులిపితే సన్నటి సూది ఒకటి రాలింది. డబ్బాలో వేసి ఆ చప్పుడు విన్నది. దుప్పట్లు యంత్రంలోకి తోసి, తలుపు మూసి, బాబాయి టీకి పిలిస్తే మెట్లు ఎక్కింది.

తడిగోడ మీద, సూదుల డబ్బాకి కొంచెం పైన, గుడ్డపీలిక చుట్టిన నల్లటి పట్టకారు మేకుకి వేలాడుతోంది, నోరు తెరుచుకునే.